సమీక్షలా? చదివింపులా?

మా పొదటూరుపేటలో ఎవరింట పెళ్లి జరిగినా చదివింపుల దగ్గర కూర్చోబెట్టడానికి నన్ను వెతుక్కుంటూ వస్తారు. బ్యాంకాయన గదా, లెక్క తప్పడని నమ్మకం. తమిళులు మొయ్ అంటారు, మనం చదివింపులు అంటాం, పని ఒక్కటే. మైకు పట్టుకున్నాయన "కింద వీధి పెద్దమామగారు అయిదు వందల ఒకటి" అని చదువుతాడు, నేను నోటుపుస్తకంలో ఎక్కిస్తాను. ఆ చదవడంలో ఒక మర్యాద ఉంది. ఎంత ఇచ్చారో చదువుతారు గాని, ఇష్టపడి ఇచ్చారా, పోయినసారి వాళ్లు పెట్టింది తిరిగి పెట్టారా అని ఎవరూ అడగరు. పెళ్లయ్యాక ఆ పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటుంది. రేపు ఇచ్చినవాళ్ల ఇంట్లో శుభకార్యం వస్తే తీసి చూసి, అంతకు తగ్గకుండా పెడతారు.

మొన్న ముహూర్తాల్లో ఒక రాత్రి ఆ పని ముగించుకుని ఇంటికొచ్చాను. నిద్ర పట్టలేదు. మూలన పడున్న మన చిన్న పత్రికల కట్ట విప్పి, పుస్తక సమీక్షల పేజీలు మాత్రం వరసగా చదివాను. పదకొండు సమీక్షలు. చదువుతుంటే చెవిలో అదే మైకు! "తెలుగుతల్లి మెడలో మరో మణిహారం." "ప్రతి ఇంటా ఉండదగిన గ్రంథం." "వీరి కలం నుంచి మరిన్ని ఆణిముత్యాలు వెలువడాలని ఆశిద్దాం." పదకొండింటిలోనూ పుస్తకం వెల ఉంది, పేజీల సంఖ్య ఉంది, ముఖచిత్రం బాగుందన్న మాట ఉంది. ఏ పేజీ దగ్గర కన్ను ఆగిందో, ఏ పేజీ దగ్గర ఆవులింత వచ్చిందో ఒక్కదానిలోనూ లేదు. పుస్తకం చదివి రాసినట్టు లేదు, పుస్తకానికి చదివించినట్టుంది. మన భాష ఎంత గడుసుదో చూడండి, చదవకుండా ఇచ్చేదానికి చదివింపు అని పేరు పెట్టుకుంది.

పదకొండింటిలో ఒకటి నాదే. అందుకే ఈ వ్యాసం.

నాలుగేళ్ల కిందటి మాట. ముప్పై ఏళ్లుగా ఎరిగిన మిత్రుడొకాయన కథల సంపుటి వేశాడు. సొంత డబ్బు. కూతురి పెళ్లికి దాచిన దాంట్లోంచి కొంత తీశాడని వాళ్లావిడ మా ఆవిడతో చెప్పుకుని బాధపడింది. ఆ మాట విన్నాక నా చెయ్యి ఎలా ఆడుతుంది? ముందుమాట చదివాను, వెనక అట్ట చదివాను, మొదటి కథ సగం చదివాను. మిగతా కథల్లో పేర్లు ఏరుకుని ఒకటిన్నర పేజీ సమీక్ష రాసి పంపాను. అచ్చయింది. మిత్రుడు ఫోన్ చేసి గొంతు పట్టుకుపోయి మాట్లాడలేకపోయాడు. పుణ్యం చేశాననుకున్నాను.

రెండు నెలలకు బ్యాంకులో నా బల్ల ముందుకి ఒక అమ్మాయి వచ్చింది. మగ్గం నేసేవాళ్ల బిడ్డ, తిరుత్తణిలో బట్టల కొట్లో లెక్కలు రాస్తుంది. చదివింది తమిళ బడిలో. మన ప్రాంతంలో పిల్లలందరి సంగతీ అదే. 2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం వచ్చాక ఒకటో తరగతి నుంచి వరసగా తమిళం తప్పనిసరి అయింది. తమిళం రావడం నష్టమని నేననను, అది మాకు రెండో కన్ను. తెలుగు అక్షరం మాత్రం ఇంట్లో ఎవరన్నా పూనుకుని నేర్పితేనే. ఈ అమ్మాయికి వాళ్ల తాత పెద్దబాలశిక్ష పెట్టి నేర్పాడట. తాత పోయాక, నేర్చిన అక్షరం తుప్పు పట్టకూడదని ఏడాదికి ఒక తెలుగు పుస్తకం కొనుక్కుంటుందట. ఒక్కటి. ఆ ఏడు కొన్నది నేను మెచ్చుకున్న పుస్తకం, నూటయాభై రూపాయలు పెట్టి.

సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, "సార్, మూడో కథ కంటతడి పెట్టిస్తాదని మీరు రాసినారు. నేను రెండుసార్లు సదివినాను, నాకేమీ కాలా. నాకు తెలుగు సరిగ్గా అర్థం కాలేదేమో అనుకున్నా. దాంట్లో యాడ ఏడవాల సార్?" అంది.

వెటకారం కాదు. నిజంగా తెలుసుకుందామని అడిగింది. తప్పు తనలో ఉందనుకుంది ఆ పిల్ల! మూడో కథ నేను చదవనే లేదు. "తీరిగ్గా మాట్లాడదామమ్మా, ఇప్పుడు క్యాష్ ముగించే టైము" అన్నాను. ఆమె తలూపి వెళ్లిపోయింది. ఆ రాత్రి మూడో కథ చదివాను. ఏడవవలసిన చోటు ఎక్కడా లేదు. ఆమెకు తెలుగు బాగానే అర్థమైంది, నాకే తెలుగు మీద మర్యాద లేకపోయింది.

ఇప్పుడు మన పెద్దలు ఒక మాట అంటారని నాకు తెలుసు. సభల్లో చాలాసార్లు విన్నాను. "తమిళనాట తెలుగు దీపం కొడిగట్టి ఉంది. ఇటువంటప్పుడు విమర్శ అని గాలి ఊదుతారా? ఒక పుస్తకం అచ్చు కావడమే గొప్ప, నాలుగు మంచి మాటలు చెబితే పోయేదేముంది?" పోయేది ఆ అమ్మాయి. ఆమె ఇంకో పుస్తకం కొన్నదో లేదో నాకు తెలియదు, అడిగే ముఖం నాకు లేదు. దీపం ఊదమని నేను అనడం లేదు. ప్రమిదలో ఉన్నది నూనెనో నీళ్లో వేలు ముంచి చూడమంటున్నాను. నీళ్లయితే ఎంతమంది చేతులు అడ్డం పెట్టినా దీపం నిలవదు.

"కామర్సు చదివినవాడివి, సాహిత్యంలో నీకేం తెలుసు" అనేవారికి కూడా ఒక మాట. ముప్పై ఏళ్లకు పైగా నేను చేసిన ఉద్యోగమే సమీక్ష. అప్పు కోసం వచ్చే ప్రతి దరఖాస్తులోనూ మగ్గం బంగారం నేస్తుంది. కాగితం చూసి మెచ్చుకుంటే సరిపోదు. వెళ్లి మగ్గం చూడాలి. చూడటమంటే గుమ్మంలో నిలబడి లెక్కపెట్టడం కాదు. తనిఖీకి వస్తున్నామని తెలిస్తే పక్కింటి మగ్గం కూడా తనదేనని చూపించేవాళ్లున్నారు. వంగి అచ్చులో వేలు పెట్టాలి. ఆడే మగ్గానికి గంజి వాసన ఉంటుంది, ఆడని మగ్గానికి సాలెగూడు ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంకొక సంగతి జరిగింది. 1991లో నరసింహం కమిటీ నివేదిక ఇచ్చింది, ఆ మరుసటి ఏడు రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనలు తెచ్చింది. అంతకుముందు, రాని వడ్డీని కూడా వచ్చినట్టే ఆదాయం కింద రాసుకుని బ్యాంకులు లాభాలు చూపేవి. వసూలు కాని బాకీ మీద వడ్డీ చేతికొస్తేనే ఆదాయమని కొత్త నిబంధన. ఒక్క సంవత్సరంలో ఎన్నో లాభాల లెక్కలు నష్టాలైపోయాయి. పెద్ద గగ్గోలు. కాని బ్యాంకులు మునగలేదు, ఏది బాకీయో ఏది ఆస్తో అప్పుడు తెలిసింది. మన సాహిత్యం లెక్కలకు ఆ 1992 ఇంకా రాలేదు. కలగని ఆనందాన్ని కలిగినట్టు రాసుకుంటూ, ఏటా లాభం చూపిస్తున్నాం.

కఠినంగా మాట్లాడటం మన నేలకు కొత్తా? 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి తాలూకా అందులోది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల మార్పుతో మద్రాసు రాష్ట్రంలోకి వచ్చాం. ఆ నడిమి కాలంలో, 1914లో, చిత్తూరు పక్కనున్న కట్టమంచి నుంచి వచ్చిన రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వ విచారము వెలువరించారు. పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని మెచ్చుకుంటూనే అందులోని లోపాలు చెప్పారు, ప్రబంధ కవులను మొహమాటం లేకుండా నిలదీశారు. ఎంత దుమారం లేచిందో సాహిత్యం చదివినవాళ్లకు తెలుసు. సూరనకేమైనా తగ్గిందా? ఆ పుస్తకం వల్లనే సూరనను మళ్లీ తెరిచినవాళ్లెందరో. రెడ్డిగారు అర్థశాస్త్రం మీద కూడా తెలుగులో పుస్తకం రాశారన్నది, కామర్సువాడిగా, నాకొక చిన్న గర్వం.

సినిమాల దగ్గరికి వస్తాను. సినిమా గురించి రాయడం మన పత్రికలకు నామోషీ. రాసినా, ఏ హైదరాబాదు దినపత్రికలోనో వచ్చినదాన్ని నాలుగు మాటలు మార్చి దింపుతారు. ఒకప్పుడు తెలుగు సినిమా మద్రాసులోనే పుట్టేది, దాని సమీక్షా మద్రాసులోనే పుట్టేది. ఆంధ్రపత్రిక వీక్లీలో ముళ్లపూడి వెంకటరమణగారు సమీక్షలు రాశారు. తర్వాత ఆయనే 1962లో రక్తసంబంధానికి మాటలు రాసి అటువైపు వెళ్లిపోయారు. చందమామ పని చూసుకుంటూనే కొడవటిగంటి కుటుంబరావుగారు సినిమా గురించి ఎన్ని వ్యాసాలు రాశారు! ఆయనకది చిన్నతనమనిపించలేదు. తమిళంలో ఆనంద వికటన్ సినిమాలకు నూటికి మార్కులు వేసేది. 1977లో భారతీరాజా 16 వయదినిలేకు వేసిన 62.5 ఎంత పెద్ద మార్కో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. పొదుపుగా ఇచ్చేవాడి రూపాయికే విలువ. ఆ సినిమానే మరుసటేడు తెలుగులో పదహారేళ్ల వయసు అయింది. రెండింట్లోనూ శ్రీదేవే. కమలహాసన్ కుంటి నడకకూ చంద్రమోహన్ కుంటి నడకకూ తేడా ఏమిటని మా వీధి అరుగుల మీద జరిగిన వాదన ఒక్కటి ఎవరన్నా రాసిపెట్టి ఉంటే, ఈనాడు మన పత్రికలు వేసే సమీక్షలన్నీ కలిపినా దానికి సాటి రావు. రెండు సినిమాలూ రెండు భాషల్లోనూ అనువాదం అక్కర్లేకుండా చూసిన చెవులవి.

2019 జూన్‌లో మల్లేశం వచ్చింది. రాజ్ ఆర్. తీసిన సినిమా. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశంగారి జీవితం. పోచంపల్లి చీర ఒక్కదానికి ఆసు పోయాలంటే చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలైతే పద్దెనిమిది వేలు. తల్లి భుజం పట్టుకుపోవడం చూడలేక ఆయన ఏళ్ల తరబడి కష్టపడి 1999 నాటికి ఆసుయంత్రం చేశారు, తల్లి పేరే పెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. నేను చదివిన సమీక్షల్లో ప్రియదర్శి నటన బాగుందన్నారు, రెండో సగం నెమ్మదించిందన్నారు. సరే. మా పక్కింట్లో డెబ్భై దాటిన అవ్వ ఒకామె ఉంది. పదేళ్ల వయసు నుంచి కండెలు చుట్టిన చెయ్యి. మనవడి ఫోనులో ఆ సినిమా చూసింది. నల్గొండ మాటలు కొన్ని పట్టలేదట, మనవడిని అడిగి తెలుసుకుందట. సినిమా చూస్తున్నంతసేపూ ఎడమచేత్తో కుడిభుజం రుద్దుకుంటూనే ఉందని మనవడే చెప్పాడు. మరునాడు నేను అడిగాను, ఎట్లా ఉందవ్వా అని.

"బాగుండాది నాయనా. ఆ యమ్మ రెక్క నొప్పి నిజమే, దొంగ నొప్పి కాదు. అయితే ఒకటి. ఆ బిడ్డ మిషను చేసినాక అందురూ సప్పట్లు కొట్టినారు. అంతకుముందు నలబై ఏండ్లు ఆ యమ్మ చేసింది పని గాదా? దానికెవురు కొట్టినారు?"

నేనైతే ఆ సినిమాకు కళ్లు తుడుచుకుని, వహ్వా అని బయటికొచ్చేవాణ్ణి. ఆమె అడిగిన ప్రశ్న నాకు తోచలేదు. సినిమాను తక్కువ చేసి అడిగింది కాదు, బాగా ఇష్టపడింది కాబట్టే అడిగింది. ఇష్టపడనివాళ్లు ఇంత లోపలికి వెళ్లరు. ఆమెకు తెలుగు చదవడం రాదు, తమిళం చదవడం రాదు. మన పత్రికలో ఆమె మాట ఒక్కటీ ఎన్నడూ అచ్చు కాలేదు, నా బొంకు మాత్రం ఒకటిన్నర పేజీ అచ్చయింది.

ఇంకొక సినిమా. 2021 డిసెంబరులో పుష్ప వచ్చినప్పుడు మా కుర్రకారు సంబరం చూడాలి. నగరికి, పుత్తూరుకు బళ్ల మీద పోయి చూసి వచ్చారు. చిత్తూరు మాట, ఇంచుమించు మా మాట, ఒక పెద్ద హీరో నోట! 2023లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో అల్లు అర్జున్‌కు ఉత్తమ నటుడి బహుమతి కూడా వచ్చింది. అదివరకు మా పిల్లలు ఉద్యోగానికి హైదరాబాదు పోయి నోరు తెరిస్తే "నువ్వు అరవవాడివా" అని నవ్వినవాళ్లు, ఇప్పుడు అదే యాసను నేర్చుకుని పలికారు. సంతోషమే. ఆ యాస ఆ నోట్లో ఎక్కడ నిలిచింది, ఎక్కడ జారింది అని తేల్చగలిగిన చెవులు తిరుపతి నుంచి మా పేట దాకా లక్షలున్నాయి. ఏ పత్రికా వాళ్లను అడగలేదు, మనదీ అడగలేదు.

యాస సంగతి అట్లా ఉంచండి. ఆ సినిమా కథ శేషాచలం ఎర్రచందనం. కూలీగా మొదలైనవాడు సిండికేటును ఏలే కథ. 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో ఇరవై మంది చనిపోయారు. చెట్లు నరికే కూలికి తమిళనాడు నుంచి వెళ్లినవాళ్లు. ఆ రోజుల్లో బ్యాంకులో నా బల్ల మీద తెలుగు పేపరూ తమిళ పేపరూ పక్కపక్కన ఉండేవి. ఒకదాంట్లో చచ్చిపోయింది స్మగ్లర్లు, రెండోదాంట్లో చచ్చిపోయింది కూలీలు. శవాలు అవే. ఆ వారం నేను ఏ పేపరు ముందు విప్పాలో తెలియక రెండూ మడిచిపెట్టిన రోజుంది. తెలుగువాడిగా ఒకరకంగా, తమిళనాడువాడిగా ఒకరకంగా ఎట్లా చదివేది? ఆరేళ్ల తర్వాత అదే అడవి తెరమీద పాటలతో, ఫైట్లతో వచ్చింది. నేనూ ఈల వేయకపోయినా కాలు ఆడించినవాణ్ణే, బొంకను. ఇంటికొచ్చాక గుర్తుకొచ్చింది. ఆ చెట్టు కింద గొడ్డలి పట్టుకున్న మిగతావాళ్లు ఎవరు, వాళ్లేం అయ్యారు అని సినిమా అడగదు. అడగాలని చట్టమేమీ లేదు, అది వ్యాపార చిత్రం. కాని సమీక్షకుడు అడగాలి. హైదరాబాదు సమీక్షకుడికి ఆ ఇరవై మంది జ్ఞాపకం ఉండకపోవచ్చు. చెన్నై సమీక్షకుడికి ఆ యాసలోని తీపి తెలియకపోవచ్చు. తీపీ తెలిసి, ఆ ఇరవై మందీ జ్ఞాపకం ఉన్నవాళ్లం ఈ సరిహద్దులో మనమే. మన పత్రికలు ఆ సినిమా గురించి రాసిందల్లా మన యాసకు పట్టాభిషేకం జరిగిందని. మళ్లీ చదివింపే.

అదే 2021 మే నెలలో నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా బండి వచ్చింది. ప్రవీణ్ కండ్రేగుల తీసినది. ఆటో నడిపేవాడికి ఖరీదైన కెమెరా దొరికితే ఊరంతా కలిసి సినిమా తీయబూనుతారు. కర్ణాటక సరిహద్దు పల్లెటూరి తెలుగు అది, నటించినవాళ్లు పెద్ద పేర్లున్నవాళ్లు కారు. అందులో భాషకు ఎవరూ దండ వేయలేదు, జనం దాంట్లో బతికారు, అంతే. సినిమా నడిచినంతసేపూ నేను నవ్వుతూనే ఉన్నాను. చివర్లో కొంచెం తీపి ఎక్కువైందనిపించింది. దాని మీద మన పత్రికల్లో ఒక్క వాక్యం చూసిన గుర్తు లేదు.

టీవీ మాట ఎత్తితే సాహిత్యపరులు ముఖం తిప్పుకుంటారు. ఎందుకండీ అంత? 1993లో సన్ వచ్చింది, 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. అప్పటి నుంచి మన ఇళ్లలో తెలుగు వినబడే గంటల్లో సగం ఆ పెట్టెవే. రాధిక చిత్తి తమిళంలో చూసి, అదే పిన్నిగా తెలుగులో వస్తే మళ్లీ చూసిన ఇళ్లు మా వీధిలో ఎన్నో. కార్తీకదీపం 2017 నుంచి 2023 దాకా సాగింది. మలయాళంలో పుట్టిన కథ, తమిళంలో 2019లో భారతి కన్నమ్మ అయింది. మా ఇంటావిడ రెండూ చూసేది. "తమిళంలో అత్తగారికి నోరెక్కువ, తెలుగులో అత్తగారికి కళ్లెక్కువ" అని ఆవిడ తీర్పు. డాక్టరై ఉండి ఒక్క పరీక్ష చేయించుకుంటే తేలే అనుమానాన్ని ఆ మొగుడు ఏళ్ల తరబడి మోశాడని తిడుతూనే ఒక్క రోజు తప్పకుండా చూసింది. తిడుతూ ఎందుకు చూస్తావే అంటే, "మీరు బ్యాంకును తిడుతూ రోజూ పోవడం లేదా?" అంది. నా నోరు మూతపడింది గాని ఒకటి ఆలోచించండి. నలుపు తప్పు కాదని చెప్పే కథకు, తెల్లటి నటికి నల్లరంగు పూసి నిలబెట్టారు. అయిదేళ్లకు పైగా లక్షల మంది ఆడవాళ్లు చూసిన కథలో ఆ రంగు డబ్బా గురించి మాట్లాడటం సాహిత్య విమర్శ కాదా? ఎవరూ చదవని దీర్ఘకవితలో ప్రతీకల గురించి మాట్లాడటం మాత్రమే విమర్శా?

పుస్తకాలకు మళ్లీ వస్తాను, అసలు గాయం అక్కడుంది. మనవాళ్ల పుస్తకాల్లో మంచివి లేవని అనుకోకండి. స.వెం. రమేశ్ ప్రళయకావేరి కథలు ఉన్నాయి. పులికాటు సరస్సు దీవుల తెలుగు, అది మా తిరువళ్లూరు జిల్లాను తాకే నీళ్లే. ఆ పుస్తకం చేతికి తీసుకుంటే ఉప్పుగాలి వాసన వచ్చింది నాకు. దాని గురించి మనం మాట్లాడేటప్పుడల్లా ఏం చేశాం? అందులో ఎన్ని అరుదైన మాటలున్నాయో లెక్కపెట్టి, పదాల గని అన్నాం. గని అంటే తవ్వుకుని పోయేది. కథను కథగా చదివి, ఇది నిలిచింది, ఇది జ్ఞాపకాల దగ్గరే ఆగిపోయిందని చెప్పినవాళ్లు నాకు కనబడలేదు. అంత మంచి పుస్తకానికి కూడా మనం చేసింది సన్మానం, చదువు కాదు. నామిని సినబ్బ కథలు, పచ్చనాకు సాక్షిగా మా భాషకు దగ్గరి చుట్టాలు. వాటి గురించి మాట్లాడినా యాస దాటి ముందుకు పోము. ఆ ఇంటి ఆకలి దగ్గరికి పోము.

మరొక పెద్దాయన కి. రాజనారాయణన్. ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. తెలుగు నేల నుంచి దక్షిణానికి వలస వచ్చినవాళ్ల కథ గోపల్ల గ్రామం. దాని తర్వాతి భాగం గోపల్లపురత్తు మక్కళ్‌కు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. 2021లో ఆయన పోయినప్పుడు మన సంఘాలన్నీ "మనవాడే" అని సంతాపం చెప్పాయి. మంచిదే. ఆ తమిళ వాక్యం కింద ఎక్కడెక్కడ తెలుగు వాక్యం పడుకుని ఉందో చూపించగలిగిన పాఠకులు ఈ దేశంలో ఎవరున్నారు, మనం కాక? ఆ ఒక్క పని ఎవరన్నా చేసి ఈ పేజీల్లో రాస్తే తమిళులు కూడా అనువాదం చేయించుకుని చదువుతారు. మనకు రెండు భాషలు వచ్చునన్న సంగతిని జనాభా లెక్కల్లో చెప్పుకుంటాం, ప్రభుత్వానికి పెట్టే అర్జీల్లో చెప్పుకుంటాం, చదివేటప్పుడు మాత్రం దాచుకుంటాం.

సంపాదకులకు నా మనవి. పుస్తకాన్ని రచయిత మిత్రుడికి సమీక్షకు పంపకండి. నాకు అసలు పంపకండి, ఈ ప్రాంతంలో అందరూ నా మిత్రులే. పంపితే ఎవరికైనా, ఏ పేజీ నచ్చింది, ఏ పేజీ నచ్చలేదు, ఆ రెండూ చెప్పందే అచ్చు వేయమని ముందే చెప్పండి. రచయితలకు కోపం వస్తుంది. చందాలు నాలుగు తగ్గుతాయి. తగ్గిన చందాలకు నా వంతు నేను కట్టుకుంటాను, పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది.

నా మిత్రుడు రెండో సంపుటి తెచ్చాడు. పోయిన వారం ఇంటికొచ్చి స్వయంగా ఇచ్చాడు. "నువ్వు రాసిన సమీక్ష చూసే ధైర్యం చేశాను రా" అన్నాడు. ఈసారి మొత్తం చదివాను, పెన్సిలు పట్టుకుని. మొదటి సంపుటిలో ఉన్న తప్పులే ఇందులోనూ ఉన్నాయి, ఎవరూ చెప్పలేదు గదా పాపం. ఏడుపు రావాల్సిన చోట ఏడవండి అని చెబుతాడు, కోపం రావాల్సిన చోట ఉపన్యాసం పెడతాడు. కాని ఆరో కథ ఉంది. తండ్రి చనిపోయిన ఇంట్లో మగ్గం మీద సగం నేసిన చీర మిగిలిపోతుంది. పదో రోజు వెళ్లాక కొడుకు కూర్చుని ఆ చీర పూర్తిచేస్తాడు. తండ్రి చెయ్యి ఆగినచోట, కొడుకు చెయ్యి మొదలైనచోట నేత బిగువు మారుతుంది. షావుకారు వేలితో తడిమి ఆ గీత పట్టుకుని కూలిలో ఇరవై రూపాయలు కోస్తాడు. అంతే కథ, మూడున్నర పేజీలు. అందులో ఎవరూ ఏడవరు. నేను అర్ధరాత్రి లేచి మంచినీళ్లు తాగాను.

ఆరో కథ గురించి ఒక పేజీ, మిగతా పదకొండు కథల గురించి ఒక పేజీ రాశాను. అచ్చుకు పంపే ముందు మిత్రుడికి చదివి వినిపించాలని రేపు ఆదివారం వాళ్లింటికి పోతున్నాను. అటునుంచి తిరుత్తణి బట్టల కొట్టుకు కూడా పోవాలి. కొట్టు ఆదివారం కూడా తెరిచే ఉంటుందట. ఆరో కథ వరకు జిరాక్సు తీసి కవరులో పెట్టుకున్నాను.